మినారు కొన

శుక్రవారం పొద్దున మేం సీబ్ ఒడ్డు నుంచి సముద్రంలో మా చేపల చోటికి చేరేసరికి అక్కడ అప్పటికే మూడు పడవలు నిలిచి ఉన్నాయి. అన్నింట్లోనూ ఈ అరబ్బు దేశంలో మేం పనిచేసే కంపెనీ క్యాంపు వాళ్లే.

పడవలోంచి చూస్తే ఒడ్డు మీది మసీదు మినారు కొన, దాని వెనకున్న వాటర్ ట్యాంకు నడుముకు తగిలినట్టు కనిపించాలి. సరిగ్గా అక్కడ గాలం వేస్తే, అడుగున బండల్లో ఉండే హమూర్ చేపలు పడతాయి. ఏడాది తిరిగి కనిపెట్టిన ఆ గుర్తు నాకూ, నా వెనక కూర్చుని తెడ్డు వేసే ఓంకార్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

“ఎవనికి చెప్పినవ్‌రా?” అన్నాను వెనక్కి తిరగకుండానే.

“నా బిడ్డ మీద ఒట్టు పెద్దులన్నా, నేనెవ్వనికి చెప్పలే.”

“మరి సముద్రం పోయి చెప్పిందా? ఇగ నీ మొకం నాకు సూపియ్యకు.”

అతను తెడ్డు అందుకున్నాడు. ఒడ్డుకొచ్చాక పడవను ఒక్కడే లాగి కట్టేశాడు. సాయంత్రానికల్లా మా రూమ్‌లోంచి పరుపు చుట్టుకుని వేరే రూమ్‌కు వెళ్లిపోయాడు. నమ్మినందుకు బాగానే బుద్ధి చెప్పాడనుకున్నాను.

మర్నాడు డ్యూటీ మధ్యలో, అతను తీసిన ఫోటోలన్నీ చెరిపేద్దామని ఫోన్ తెరిచాను. మొదటిదే పోయిన వారానిది. చేతుల్లో హమూర్‌తో నేను. స్టేటస్‌లో పెడితే క్యాంపంతా మెచ్చుకున్న ఫోటో. నా భుజం వెనక మినారు కొన, ట్యాంకు నడుముకు సరిగ్గా తగులుతోంది.

ఆ రోజు ఫోన్ పట్టుకుని ఓంకార్ అన్నాడు: “ఆగన్నా, పడవ తిప్పుత. ఎన్క మినారు పడ్తున్నది.”

“పడనియ్‌రా, ఫోటో మంచిగ కనవడ్తది” అన్నది నేనే.