ముప్ఫై ఒకటో పేజీ

మా అమ్మాయి ఆరేళ్లుగా పాత కంప్యూటర్ గేముల పత్రికలు పోగేసి, పిన్నులు ఊడదీసి, పేజీ పేజీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడుతోంది. ప్రతిఫలం దగ్గూ, మెడనొప్పీ.

“ఈ ఒక్క సంచికకే మోక్షం లేదమ్మా. ఎన్ని దేశాల వాళ్లని అడిగినా ముప్ఫై ఒకటో పేజీలో చిల్లే. నా కాపీలోనూ చిల్లే.”

చిల్లు ఉండక ఏముంటుంది? అక్కడున్నది పోటీ కూపను. పిల్లలందరూ కత్తిరించి పంపేశారు. దాని వెనకే ఆట గెలిచే కిటుకు అచ్చయిందట.

“ఇక నా వల్ల కాదు. చిల్లుతోనే పెట్టేస్తా,” అంటూ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

నేను లేచి, బీరువాలో చీరల అడుగునుంచి స్టాంపు అంటించిన కవరొకటి తెచ్చి చేతిలో పెట్టాను. గెలిస్తే చదువు అటకెక్కుతుందని ఆనాడు పోస్టు చెయ్యలేదు. చింపెయ్యడానికి చేతులూ రాలేదు.

విప్పింది. కూపను మీద తన పదకొండేళ్లప్పటి కోడి కెలికినట్టున్న రాత.

“పోస్టులో వేశానన్నావు కదమ్మా!”

“వేసుంటే ఇవాళ నీకు దొరికేదా?”

నవ్వుతుందనుకున్నాను. కూపన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి మూత వేసింది. చెయ్యి మూత మీదే ఉండిపోయింది.

“ఇన్నేళ్లూ ఓడిపోయాననే అనుకున్నానమ్మా,” అంది.