వెనకొచ్చేవాళ్ళకి సలాం

"లేవరా నవాబూ. నువ్వు దుప్పట్లోంచి తల బయటపెడితేగానీ సూర్యుడు రానంటున్నాడు. పాపం, కంకిపాడు దగ్గర ఆగిపోయి నీకోసం చూస్తున్నాడు."

తారిక్ గభాలున లేచి కూర్చున్నాడు. మంచం పట్టెమీద అబ్దుల్ రవూఫ్ మామూ, చేతిలో దుప్పటి కొస పట్టుకుని నవ్వుతున్నాడు. తారిక్ చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. మామూ మణికట్టు పట్టుకున్నాడు.

"మళ్ళీ అదే కలా?"

తారిక్ తలూపాడు.

రవూఫ్ ఆటోనగర్‌లో లారీలకి అక్షరాలు రాసే మనిషి. తారిక్ వాళ్ళమ్మ జహీదాకి ఒక్కగానొక్క తమ్ముడు. ఒకసారి అక్క మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వీధి తలుపుమీద 'టు లెట్' అని రాసి పోయాడు. పొద్దుగూకేదాకా ఇల్లు చూడ్డానికి జనం వస్తూనే ఉన్నారు. తన స్కూటర్ స్టెప్నీ కవరుమీద రోజుకో మాట మార్చడం ఆయనకి సరదా. మామూని ఒక్కసారైనా బోల్తా కొట్టించాలని తారిక్ చాలా ఎత్తులే వేశాడు. ప్రతిసారీ తనే బోల్తా పడ్డాడు.

చెడ్డ కల ఎవరికీ చెప్పకూడదని, అటు తిరిగి పడుకోవాలని మా అమ్మ, మీ నానీ చెప్పలేదా అన్నాడు మామూ. అంతలోనే, ఎదురింటి దుర్గాంబగారి లెక్కలో చావు కలలోకొస్తే ఆయుష్షు పెరుగుతుందని, ఆ రకంగా తనకి నూరేళ్ళూ దాటిపోయాయని, ఇక చాలు ఆపమని చేతులు జోడించాడు.

"తెల్లారుజాము కల మామూ. నిజమవుతుందంటారు."

"పెసరట్టు తిన్నట్టు ఎన్ని తెల్లారుజాములు కలగన్నాన్రా. మీ అమ్మ ఒక్కనాడైనా వేసి పెట్టిందా?"

వంటింట్లో కిరసనాయిలు స్టవ్ బుస్సుమంటోంది. జహీదా టీ ఎప్పుడు తెచ్చిందో, గ్లాసు మామూ చేతిలోనే ఉంది.

"కలలో కూడా ఇలాగే లేపావు," అన్నాడు తారిక్. "హనుమాన్ జంక్షన్‌లో లారీకి రాయాలి, తోడు రమ్మన్నావు. నేను ముసుగు పెట్టుకుని, నువ్వెళ్ళు మామూ, నిద్రొస్తోంది అన్నాను. ఒక్కడివే వెళ్ళావు."

ఆ తర్వాతది నెమ్మదిగా చెప్పాడు. కబురు రావడం, అమ్మీ తనూ వ్యాన్‌లో పరుగెత్తడం, రోడ్డు పక్కన స్కూటర్ వాలిపోయి ఉండటం, ఒలికిన ఎర్రరంగు డబ్బా. అందులో ఏది రంగో తెలియక అమ్మీ రెండు చేతులూ పెట్టి తడమడం.

"నువ్వు చెప్పినట్టే చూశాను మామూ. అక్షరాలు."

అది మామూ నేర్పిన కిటుకే. కలలో అక్షరాలు నిలబడవట. తడి ఆరని రంగులా జారిపోతాయట. ఒకసారి చదివి, కళ్ళు తిప్పి మళ్ళీ చదివితే వేరే మాట ఉంటుంది. అప్పుడు అది కల అని తెలుసుకుని హాయిగా ఆడుకోవచ్చట.

"లారీ ఎదురుగానే ఉంది. దానిమీద రాసింది నువ్వే, నీ అక్షరాలే. చదివాను. కళ్ళు తిప్పి మళ్ళీ చదివాను. మారలేదు."

మామూ గ్లాసు దించాడు.

"నా అక్షరంరా అది," అన్నాడు. "కలలో కూడా చెదరదు."

నవ్వుతూనే లేచి వాకిట్లోకి నడిచాడు. తారిక్ వెనకే పరుగెత్తాడు. స్కూటర్ గుమ్మం ముందే ఉంది. హ్యాండిల్‌కి కుంచెల సంచీ వేలాడుతోంది. మామూ గళ్ళచొక్కా మీద రంగు మరక ఒక్కటీ లేదు.

"ఇవాళ్టి మాట చదువు," అన్నాడు మామూ, బండి వెనకవైపు కనబడేలా తిప్పి.

వెనకొచ్చేవాళ్ళకి సలాం.

"బాగుంది మామూ."

"సరిగ్గా చూడకుండానే బాగుందంటావే. ఇంకోసారి చదవరా."

"ఒకసారి చాలు." తారిక్ మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. మామూ బతిమాలాడు, వెక్కిరించాడు, గడ్డం పట్టుకుని తిప్పబోయాడు. తారిక్ కళ్ళు కవరు వైపు పోనివ్వలేదు.

మామూ కిక్‌రాడ్ మీద కాలు పెట్టాడు. తారిక్ మణికట్టు మళ్ళీ పట్టుకున్నాడు.

"మామూ, చెప్పడం మర్చిపోయాను. లారీ ఓనరు శౌరయ్యగారు రాత్రి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశారు. బండి చల్లపల్లి లోడుకి పోయిందంట. రేపు రమ్మన్నారు."

మామూ కళ్ళు చిట్లించి చూశాడు. అలా చూస్తే తారిక్ అబద్ధాలన్నీ బయటపడిపోతాయి. ఈసారి రెప్ప వేయలేదు.

"ఒట్టు?"

"ఒట్టు."

మామూ కాలు తీసేశాడు. స్కూటర్‌కి స్టాండు వేసి అరుగుమీద కూలబడ్డాడు. శౌరయ్యని నాలుగు తిట్లు తిట్టి, రేపు మాత్రం నువ్వూ రావాల్సిందే అన్నాడు.

"వస్తాను. పొద్దున్నే వచ్చి లేపు."

"లేవకపోతే?"

"లేస్తాను మామూ. నువ్వు రా, చాలు."

లోపల్నుంచి జహీదా గొంతు వినిపించింది. "తారిక్, తెల్లారిపోయింది. లే నాయనా."

"లేచి ఎంతసేపైందో చెప్పు మీ అమ్మకి," అని పగలబడి నవ్వాడు మామూ. "మా జహీదా ఆపాని భలే బోల్తా కొట్టిస్తున్నావురా."

తారిక్ మామూ భుజానికి తల ఆనించి, పట్టుకున్న చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

బతికున్నన్నాళ్ళూ మామూని ఇలా ఎవరూ బోల్తా కొట్టించలేదు.