ఏడో గాటు

లీవర్ లాగి తూటా ఎక్కించే పాత తుపాకీని ఇలా చేతిలోకి తీసుకుని అలా దాని పుట్టిన ఏడు చెప్పగలవాడు మా వయోమింగ్ కొండల్లో ఒక్కడే, డెల్మర్ స్ట్రౌడ్. ఆ డెల్మర్‌కే తప్పు చూపించినవాణ్ణి నేను.

"ఈ చెక్క పిడిమీద గాట్లు ఏడు కాదు వెండెలూ, ఆరు," అన్నాడు డెల్మర్, తుపాకీని తన కొట్లో బల్లమీద పెట్టి.

వెండెల్ హాస్కిన్ కనురెప్ప కూడా కదపలేదు. "నీకు లెక్కపెట్టడం కూడా రాదేమిటయ్యా? వేలు పెట్టి చూసుకో. మా తాత ఏడుగురు పశువుల దొంగల్ని పడగొట్టాడు. మనిషికో గాటు పెట్టాడు."

కొనడానికి వచ్చినాయన పక్కనే నిలబడి వింటున్నాడు. డెన్వర్‌లో పళ్ళ డాక్టరు, ప్రెస్టన్ అని. గాట్లున్న తుపాకీ అనేసరికి మంచులో కారు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. గాట్లన్నీ అసలువైతే తొమ్మిది వేల డాలర్లు, ఒక్కటి దొంగదని తేలినా మూడు వేలు. అది డెల్మర్ కట్టిన ధర. ధర విషయంలో మా వైపు డెల్మర్ మాటకి తిరుగులేదు. వెండెల్ చూస్తే, ఆ తొమ్మిది వేలూ చేతికి రాకముందే ఒక ఆంబోతుని కొంటానని మాట ఇచ్చేసి వచ్చాడు.

"తుపాకీకి వంక పెట్టను," అన్నాడు డెల్మర్. "అడుగున నంబరు ప్రకారం ఇది పద్దెనిమిది వందల తొంభై ఏడులో తయారైంది. గొట్టం ఎనిమిది పలకలది. నీలం మెరుగు పోయినచోటల్లా చేతులు తగిలి పోయిందే కానీ, ఎవడూ గీకి తోమలేదు. ఆరు గాట్లూ నిజమైనవే. అంచులు అరిగిపోయాయి, లోపల చేతిజిడ్డు రాయిలా గట్టిపడింది. వందేళ్ళ జిడ్డు తయారుచెయ్యడం ఎవడి తరమూ కాదు. కానీ ఈ ఏడోది ఉంది చూశావూ..."

అని భూతద్దం కోసం సొరుగులన్నీ లాగడం మొదలెట్టాడు. డెల్మర్‌కి తప్పు చూపించానన్నానే, అది ఇదే. భూతద్దం మెళ్ళోనే వేలాడుతోందని చెప్పాను. తుపాకుల గురించి నాకు అంతకుమించి ఏమీ తెలియదు.

డెల్మర్ భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. రుమాలు కొస తడిపి ఏడో గాటులో రుద్దాడు. నలుపంతా రుమాలుకి అంటుకుంది. లోపల చెక్క కొబ్బరిముక్కలా బయటపడింది. రుమాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బూటు పాలిష్," అన్నాడు. "ఈ గాటు ఈమధ్య పెట్టింది."

కాఫీ పోస్తున్న గ్రెటా చెయ్యి ఆగింది. గ్రెటా డెల్మర్ చెల్లెలు. ఊళ్ళో ఆమెకి తెలియని సంగతి ఉండదు. "మనిషికో గాటు అన్నావుగా వెండెల్. ఈ ఏడోవాడెవడు?"

"అవునూ వెండెలూ, మీ బావమరిది ఓర్విల్ కనబడ్డంలేదేం?" అన్నాను నేను, ఊరికే, మాటలో మాటగా.

"ఐడహోలో ఉన్నాడు. ఎవరో విధవరాలితో," అన్నాడు వెండెల్.

"దుప్పుల వేటకని మీరిద్దరూ కలిసే కొండెక్కారు కదూ?" అంది గ్రెటా.

"ఇద్దరమే."

"మరి దిగింది?"

"నేను కాస్త ముందు దిగాను."

"ఆయన కుక్క మీ ఇంట్లో ఉందేం?"

"దానికి విధవరాళ్ళంటే పడదు."

డాక్టరు బల్లకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. "చూడు వెండెలూ, మనుషుల సంగతి నాకు అనవసరం. నేను ధర కట్టేది చెక్కకీ ఇనుముకీ. ధర పెంచుకోడానికి నువ్వు చెక్కుకున్నదైతే అది దొంగ గాటు, మూడు వేలు. మనిషిని పడగొట్టి పెట్టిందైతే, పాతదైనా కొత్తదైనా అసలు గాటే, తొమ్మిది వేలు. ఏదో ఒకటి చెబితే చీటీ రాసిస్తాను."

వెండెల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒకవైపు ఉరితాడు, ఒకవైపు ఆంబోతు. ఇంకొకడైతే దీనికి అంత ఆలోచించడు. వెండెల్ ఆలోచించాడు. గ్రెటా మళ్ళీ కాఫీ కాచింది. అదీ చల్లారింది.

అప్పుడు తలుపు భళ్ళున తెరుచుకుంది. టోపీ నిండా మంచుతో, గుమ్మం పట్టనంత మనిషి, ఓర్విల్!

"ఏమిటర్రా, శవం లేచొచ్చినట్టు చూస్తారేం?" అన్నాడు.

సంగతి చెప్పాం. ఓర్విల్ తుపాకీ తీసుకుని ఆ గాటుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం చిన్నబోయింది.

"ఇంతేనా బావా? నా ఒంటికి ఇంత పిసరు గాటా? జానెడన్నా పెట్టొద్దూ?"

అని, చల్లారిన కాఫీ గడగడా తాగేసి, చెల్లెమ్మ బాగుందా అని అడిగి వెళ్ళిపోయాడు. అందరం పగలబడి నవ్వాం. డాక్టరు ఒక్కడే నవ్వలేదు. తొమ్మిది వేలూ బల్లమీద పెట్టి, తుపాకీని దుప్పట్లో చుట్టుకుని, వెనక్కి చూడకుండా డెన్వర్ దారి పట్టాడు. వెండెల్ ఆంబోతుని ఇంటికి తోలుకెళ్ళాడు.

ఇందులో ఈ ముసలాడు ఎంత కలిపాడా అని మీకు అనుమానం ఉంటుంది. చెబుతాను. బూటు పాలిష్ నిజం. ఆంబోతు నిజం. డాక్టరు మారుమాట లేకుండా తొమ్మిది వేలు ఇవ్వడమూ నిజమే. ఓర్విల్ రావడం ఒక్కటే నేను కలిపాను.