పాలపన్ను వేర్లు

దవడ వాచి అన్నం ముట్టకపోయేసరికి మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకొని సర్కారు బస్సెక్కించింది. కేతేపల్లి నుంచి నల్లగొండ దాకా ఏడుస్తూనే ఉన్నాను. నా ధైర్యం గురించి నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు.

"ఊర్ల ఎవ్వరికీ చెప్పకే అమ్మా, నవ్వుతరు."

"ముందుగాల నీ ఏడుపు ఆపు. బస్సుల అందరు నిన్నే చూస్తున్నరు."

రామచంద్రం డాక్టరు బొంబాయిలో పళ్ల వైద్యం చదివి వచ్చినవాడు. ఆయన బల్ల మీద పటకారు కనబడగానే లేచి గుమ్మం దాకా ఉరికాను. అమ్మ నా చొక్కా పట్టి గుంజి కుర్చీలో కూలేసింది.

"సైదులూ, నోరు తెరువురా. నా బంగారం గదా."

తెరిచాను, సగమే.

"ఇంతకుముందు ఎవరికన్న చూపించిండ్రా?" అని డాక్టరు అమ్మను అడిగాడు.

"మా ఊర్ల పండ్లు పీకెటోడు ఒకడున్నడయ్యా. వాని చేతిల ఎట్ల పెడుత? పన్నుతోని దవడ సుత ఊడగొడ్తడు."

ఆ మాటకు నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

డాక్టరు చిన్న అద్దం పెట్టి చూశాడు. "ఇది పాలపన్నమ్మా."

అమ్మ ముఖం వెలిగింది. "అట్లయితే పీకుండ్రి. పేడముద్దల పెట్టి ఇంటి మీదికి ఇసిరేస్త. కొత్తది మొలుస్తది."

పీకుడు అనే మాట వినగానే బావురుమన్నాను.

"ఏండ్లెన్ని?" అన్నాడు డాక్టరు.

అమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశాడు.

"ఇగ మొలవదమ్మా. పాల దవడపన్ను వేర్లు కాళ్లు చాపుకున్నట్టు ఎడంగ ఉంటయి. ఆ నడుమనే కొత్త పన్ను తయారైతది. అది పైకి వస్తాంటే ఈ వేర్లు కరుగుతయి. దీని వేర్లు కరగలే. కింద కొత్తదే లేదు. పీకితే ఆ జాగా ఖాళీయే. లోపలి కుళ్లు తీసి ఉన్నదాన్నే కాపాడుదాం."

"పీకరు గదా?" అని మళ్లీ మళ్లీ అడిగాను.

వేర్ల సంగతి నాకు తెలుసనే అనుకునేవాణ్ని. ఒక్కో వేరులో వెంట్రుకంత సందులుంటాయని, అవి వంకర్లు తిరిగి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయని అప్పుడే విన్నాను. ఆయన సన్నని తీగను ఆ సందుల్లోకి పంపుతున్నంతసేపూ అమ్మ కొంగు పట్టుకొని నలిపేశాను. చివరికి లవంగనూనె పెట్టి మూశాడు. నొప్పి పోయింది, సిగ్గు మిగిలింది.

బయటికి రాగానే అమ్మ పుట్నాలు, బెల్లం కొనిపెట్టింది. రెండో దవడతో నమిలాను.

మర్నాడు కేతేపల్లి సంతలో, ఎప్పటిలాగే నా గోనెపట్టా పరిచి, నా పటకారు తుడిచి, మొదటి బేరంగా వచ్చిన చెన్నయ్య తాత దవడ పట్టుకొని, "గీ మాత్రం దానికే చిన్నపిల్లల లెక్క ఏడుస్తరా తాతా, నోరు తెరువు, చీమ కుట్టినట్టే ఉంటది" అన్నాను.