కోటు లోపలి కుట్లు

గోడకి అడ్డంగా కట్టిన తీగ మీద గుడ్డముక్కలు వేలాడుతున్నాయి.

నీలం గళ్ళది డ్రైవరు చొక్కాది. పూలది నర్సు గౌనుది. ముతకది ఎవరివో కర్టెన్లది.

మనిషి వచ్చి బట్టలు తీసుకెళ్ళగానే అమ్మ ఆ ముక్క తీసేస్తుంది. తీగ మీద ముక్క ఉందంటే ఆ మనిషి ఇంకా రావాలి. అక్షరం ముక్క రాకపోయినా అమ్మ టైలరింగ్ షాపు ఇన్నేళ్ళుగా ఆ తీగ మీదే నడుస్తోంది.

ఈ వారమంతా మిషను మీద ఉన్ని కోటు ఒకటి ఉంది. అది కూతురిది.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. ఇప్పుడు ఒక సెమిస్టరు వేరే దేశంలో చదివి రావడానికి యూనివర్సిటీవాళ్ళు ఆమెను ఎంపిక చేశారు. ఖర్చంతా వాళ్ళదే.

వార్త తెలిసిన దగ్గర్నుంచీ మావయ్య షాపులో స్టూలుకి అతుక్కుపోయాడు. ఎయిర్‌పోర్టు గేటు దాకా కూడా ఎప్పుడూ వెళ్ళలేదు గానీ, విదేశాల గురించి ఆయనకి తెలియనిది లేదు.

"చదువు మధ్యలో ఈ షికార్లేమిటే? ఏడాది దండగ."

"దండగేం కాదు మావయ్యా. అక్కడ వచ్చిన మార్కులు ఇక్కడ కలుపుతారు."

"అవన్నీ డబ్బున్నవాళ్ళ పిల్లలు సరదాకి వెళ్ళేవి."

"డబ్బున్నవాళ్ళకైతే స్కాలర్‌షిప్ ఎందుకిస్తారు?"

"వాళ్ళ భాష నీకొచ్చా?"

"పాఠాలు ఇంగ్లీషులోనే. కూరగాయలు కొనుక్కునేంత భాష నేర్చుకుంటున్నాలే."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. అసలు బాణం ఇప్పుడు తీశాడు.

"ఎన్నయినా చెప్పు. వెళ్ళేవాళ్ళకి విమానం ఎక్కడమే తెలుసు. తిరిగి రావడం తెలీదు."

"సెమిస్టరు అయ్యాక ఉండనివ్వరు మావయ్యా. వీసా కూడా అంతవరకే."

"వీసా అంటే చుట్టం లాంటిదే. రెండ్రోజులని వస్తుంది, పొడిగించుకుంటూ పోతుంది."

కూతురు ఆయన కూర్చున్న స్టూలు వైపు చూసింది.

మిషను ఆగింది. మళ్ళీ నడిచింది.

అమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు. చెప్పిన రోజే "వెళ్ళు" అంది. కానీ ఆ గొంతులో మళ్ళీ రమ్మనడం లేదు.

అలా పంపితే మాత్రం గడప దాటకూడదని కూతురు గట్టిగా అనుకుంది.

మాటలతో చెప్పి చూసింది. "ఒక్క సెమిస్టరేనమ్మా. వెళ్ళి వచ్చేస్తాను." సూదిలో దారం ఎక్కిస్తూ అమ్మ తలూపింది. పక్కింటివాళ్ళ కబురు విన్నట్టు.

కోటు పూర్తయింది.

వేసుకుని చూసుకుంటే భుజాలు సరిపోయాయి. చేతులు సరిపోయాయి. పక్కలు మాత్రం దిండు కట్టుకున్నట్టు ఉబ్బి ఉన్నాయి.

"లోపలేం దాచావమ్మా, దుప్పటా?"

విప్పి తిరగేసింది.

రెండు పక్కలా బెత్తెడు మార్జిన్ గుడ్డ వదిలి ఉంది. దాని మీద కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన ఇంకో కుట్టు, అంచుదాకా వరసగా.

బడిపిల్లల యూనిఫాంకి అమ్మ ఇలాగే పక్కన ఇంకో కుట్టు వేస్తుంది. పిల్ల పెరిగితే ఒంటి వైపు కుట్టు విప్పేస్తారు. అదే గౌను మరో ఏడాది వస్తుంది.

ఇన్ని కుట్లు ఎవరి బట్టల్లోనూ కూతురు చూడలేదు.

"ఏంటమ్మా ఇది?"

"అక్కడ నీకు కుట్టిపెట్టేవాళ్ళెవరుంటారు?" అమ్మ మిషను మీది నూలుపోగులు ఏరుతోంది. "ఒళ్ళు చేసినప్పుడల్లా ఒక కుట్టు విప్పుకో. చాన్నాళ్ళు వస్తుంది."

"ఎన్నాళ్ళు?"

అమ్మ పోగులు ఏరుతూనే ఉంది.



కూతురు కోటుని బల్ల మీద పరిచింది. అమ్మ వాడే కత్తెర తనే అందుకుంది.

ఆ కత్తెరని అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వదు. చిన్నప్పుడు దాంతో కాగితం కత్తిరించిన రోజు ఆ పిల్ల వీపు విమానం మోత మోగింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" అంది అమ్మ.

కూతురు ఒంటి వైపున్న మొదటి కుట్టుకి కొద్దిగా ఎడం వదిలి కత్తెర పెట్టింది. ఒక పక్క కోసింది. తిప్పి రెండో పక్కా కోసింది.

మిగతా కుట్లన్నీ గుడ్డతో సహా కింద పడ్డాయి.

"బంగారం లాంటి కోటు." మావయ్య స్టూలు మీంచి లేచాడు. "ఇప్పుడు ఒళ్ళు చేస్తే ఏం చేస్తావే?"

"ఇంటికొచ్చేదాకా ఎలాగోలా పడుతుంది. వచ్చాక అమ్మ ఇంకోటి కుడుతుంది."

అమ్మ లేచి వచ్చింది. కూతురు వీపు బిగబట్టుకుంది.

అమ్మ కోటు చేతిలోకి తీసుకుని, కోసిన అంచు వెంట వేలు పోనిచ్చింది.

"వంకర," అంది.

"సరిచెయ్యి మరి."

అమ్మ వంకర పోయినంత మేరా సన్నగా సరిచేసింది. కోటు తిరగేసి, తనే కూతురికి తొడిగింది. ఈసారి ఒంటికి అతికినట్టు కూర్చుంది. కాలరు కిందికి నొక్కి, చెయ్యి వెంటనే తియ్యలేదు.

తర్వాత వంగి, కింద పడిన ఉన్ని పట్టీ ఒకటి తీసింది. దాన్నుంచి చిన్న ముక్క కత్తిరించింది. మెడలో వేసుకున్న కొలతల టేపుకి గుచ్చి ఉన్న గుండుసూది లాగింది.

డ్రైవరు చొక్కా ముక్కని కాస్త పక్కకి జరిపి, ఆ ఉన్ని ముక్కని తీగ మీద మడిచి గుచ్చింది.