జీతం లేని కాపలాదారు

జీడిపప్పు డబ్బాలు ఎక్కించడం అయింది. జనార్దనరావు లారీలోకి వంగి, డ్రైవరు సీటు కింద ఓ చిన్న పెట్టెను అయస్కాంతంతో అతికించాడు.

“ఇదేటో తెలుసా, మణికంఠా?”

“ఏటి బాబూ?”

“కాపలాదారు. ఇదెక్కడుంటే అక్కడ నా ఫోన్లో సుక్క కనబడతాది. నీకు ముందున్నోడు నా లారీలో ఊరోళ్ల సరుకు మోసి డబ్బులు సేసుకున్నాడు. నువ్వూ పక్కదారి పట్టావనుకో, ఆ రోజుతో స్టీరింగు ఇంకోడికి.”

ఆ స్టీరింగు పోతే మణికంఠ ఇంట్లో పొయ్యి వెలగదు.

జనార్దనరావు కూతురు చంద్రిక టెక్కలి కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆ చుక్క చోటు చెప్పే ఉపగ్రహాల్లో గడియారాలు నేల మీదికన్నా కాస్త వేగంగా నడుస్తాయని, ఐన్‌స్టీన్ లెక్కతో ఆ తేడాను సరిచేయకపోతే ఒక్క రోజులోనే చుక్క పది కిలోమీటర్లు తప్పుతుందని తండ్రికి ఆమే చెప్పింది.

“అంటే ఆయనే లేకపోతే నా లారీ సముద్రంలో కనబడీదన్నమాట!”

జనార్దనరావు మనసులోనే బేరీజు వేశాడు. ఇంత పెద్ద మేధావి తన దగ్గర పనిచేస్తున్నాడు. జీతం లేదు, బత్తా లేదు, పండక్కి బట్టలు పెట్టక్కర్లేదు.

నెల తిరిగేసరికి ఆయన మురిసిపోయాడు. చుక్క పలాసలో బయల్దేరి, గీత గీసినట్టు విశాఖ చేరేది. టెక్కలిలో కాసేపు, నరసన్నపేటలో కాసేపు, శ్రీకాకుళంలో టీ తాగేంతసేపు ఆగేది. ప్రతి ట్రిప్పులో అవే చోట్లు, అవే వేళలు.

“సూసావా సంద్రికా? మనిసి గడియారమైపోయాడు! భయముంటే ఎవడైనా దారికొత్తాడు.”

“మరి లారీ అడుగున ఈ ఉప్పు రవ్వలేంటి నాన్నా?”

“సముద్రం పక్కన ఉద్దానంలో గాలే ఉప్పు గదమ్మా! నౌపడ ఉప్పుమళ్ల కేసి సుక్క ఒక్కసారైనా తిరిగిందా, సెప్పు? ఐన్‌స్టీన్ కన్నా నీకెక్కువ తెలుసేటి?”

ఫిజిక్స్ లెక్చరర్ చేతికంటిన ఉప్పు దులుపుకుంది.

ఆ సాయంత్రమే జనార్దనరావు డ్రైవరును పిలిచి జీతం పెంచాడు.

“నీ నిజాయితీకిరా ఇది. ఇంక స్టీరింగు నీదే.”

మణికంఠ రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు పొద్దున్నే లారీని నౌపడ ఉప్పుమళ్ల కేసి తిప్పేముందు, అతను ఎప్పటిలాగే పలాసను ఆనుకున్న కాశీబుగ్గ బస్టాండులో ఆగి, సీటు కింది పెట్టెను ఊడదీసి, విశాఖ బస్సు కండక్టరైన తన బావమరిది సంచిలో వేశాడు.