అడుగున ఉండవలసిన పేరు

1. పాతసామాన్ల దుకాణంలో, ఇత్తడి గరిటెల కింద ఒక వెండి గ్లాసు దొరికింది.

2. అంచున నా పాలపళ్ళ గాట్లున్నాయి. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్న అమ్మ గ్లాసు అదే.

3. అడుగున సన్నగా చెక్కించిన అమ్మ పేరు లేదు. ఎవరో అరగదోమారు.

“ఎవరయ్యా దీన్ని తోమింది? అవి చేతులా, ఆకురాళ్ళా?” అని దుకాణదారు మీద విరుచుకుపడ్డాను.

“నా మీద ఎగురుతారేంటండీ? మీరు రాసిచ్చినట్టే చేశాను!” అంటూ అతను గోడకు అంటించిన కాగితం చూపించాడు.

వెండి గురించి నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడాది పాత్రలు ఎలా శుభ్రం చేయాలో ఈ దుకాణానికి నేను రాసిచ్చిన జాబితా అది. నాలుగో అంశం: “నల్లబడిన వెండిని మెరిసేదాకా ఇసుకతో తోమవలెను.”

ఆ వాక్యాన్ని కాగితం చిరిగేలా కొట్టేశాను. పక్కన “తోమరాదు” అని రాశాను. ఉదయం పదకొండూ ఇరవై అని వేళ వేసి, అడుగున, అమ్మ నాకు పెట్టిన పేరు పూర్తిగా రాసి సంతకం చేశాను.